పుస్తకం చూసి ఆటోకాడ్ నేర్చుకున్న సంగతి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కిందటి ఏడు ఇదే హాల్లో భోజనాల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, "మాస్టారూ, మేమిచ్చిన ఆరు కంప్యూటర్లు ఏమయ్యాయి? గుడ్డ కప్పి పెట్టారా?" అని అడిగారు. అప్పుడు మా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. నిజంగానే గుడ్డ కప్పి ఉన్నాయి. ఈ ఏడు జవాబుంది. అందులో సంతోషించే విషయమూ ఉంది, సిగ్గుపడే విషయమూ ఉంది. డబ్బిచ్చినవారికి లెక్క అడిగే హక్కుంది కాబట్టి రెండూ చెబుతాం.

మేము అంటే ముగ్గురం. లెక్కలు చెప్పేవాళ్లం ఇద్దరం, ఉర్దూ చెప్పే మేడమ్ ఒకరు. అందరికీ యాభై దాటాయి. మేము బి.ఎడ్. చేసిన రోజుల్లో బోధనోపకరణాలంటే చార్టులు, ఫ్లానెల్ బోర్డు. కంప్యూటర్ మీద హాజరు ఎక్కించడం తప్ప మరో పని ఎరగం. అలాంటి మాకు ఆటోకాడ్ ఎందుకంటారా? మా బడి పిల్లల ఇళ్లలో సగం మంది తండ్రులు మేస్త్రీలు, టైల్స్ వేసేవాళ్లు, వడ్రంగులు, వెల్డింగ్ చేసేవాళ్లు. వాళ్ల చేతికి ఎవరో గీసిన ప్లాను కాగితం వస్తుంది. ఆ కాగితం గీసే పని మాత్రం వాళ్ల పిల్లలకు రావడం లేదు. ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ల కోర్సు ఉంది. వెళ్లగలిగినవాళ్లను అక్కడికే పంపుతున్నాం. పదో తరగతి, ఇంటర్ అయ్యాక ఇంట్లో ఆగిపోతున్న పిల్లల సంగతేమిటి, ముఖ్యంగా ఆడపిల్లల సంగతేమిటి అన్నదే మా బాధ. చెప్పే మాస్టరును జీతమిచ్చి పెట్టే స్థోమత లేదు. అందుకని పుస్తకం కొన్నాం.

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో దొరికింది. కొత్తగా నేర్చుకునేవారు ఎవరి సాయం లేకుండా సొంతంగా నేర్చుకోవచ్చని అట్ట మీద రాసి ఉంది. ఇంగ్లీషు పుస్తకం, ఇటుకంత మందం. ఇంటికొచ్చి తెరిచాక తెలిసింది, అది పాత వెర్షన్‌కు రాసినదని. పుస్తకంలో బొమ్మలన్నీ పాత మెనూలు, చిన్న చిన్న టూల్‌బార్లు. మా తెర మీద పైన పొడవునా రిబ్బన్. 2009 వెర్షన్ నుంచి రిబ్బన్ వచ్చిందట. పాత రూపం కావాలంటే ఆటోకాడ్ క్లాసిక్ అనేదాన్ని ఎంచుకునే వీలు కొంతకాలం ఉంచి, 2015 వెర్షన్‌లో అదీ తీసేశారు. "ఫలానా బొమ్మ నొక్కండి" అని పుస్తకం అంటుంది, ఆ బొమ్మ తెర మీద ఉండదు. మొదటి వారం ముగ్గురం ఇలాగే వెతుక్కున్నాం.

దారి చూపింది ఇంటర్ చదివే ఒక కుర్రాడు. "సార్, బొమ్మలు వదిలేయండి, పక్కన రాసిన మాట టైపు చేద్దాం" అన్నాడు. గీతకు ఎల్ కొట్టి ఎంటర్, వృత్తానికి సి కొట్టి ఎంటర్. వెర్షన్ ఏదైనా ఆ అక్షరాలు మారలేదు. ఆ రోజు నుంచి పుస్తకం మళ్లీ పనికొచ్చింది.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట చెప్పాలి. ఒక షాపతను దొంగ కాపీ వేసిస్తానన్నాడు, చాలా తక్కువకే. దాతల డబ్బుతో కొన్న కంప్యూటర్లో దొంగ సరుకు పెట్టడానికి మా మనసు ఒప్పలేదు. విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఆ కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. చదువుతున్నట్టు, చదువు చెబుతున్నట్టు కాగితాలు చూపాలి, ఏటేటా మళ్లీ అడగాలి. నేర్చుకోవడానికే వాడాలి, దాని మీద డబ్బు సంపాదించకూడదు. మీరిచ్చిన ఆరింటిలో రెండే దాన్ని మోయగలిగాయి. మిగతా నాలుగింటిలో లిబ్రేకాడ్ వేశాం. అది ఎవరికైనా, ఏ పనికైనా ఉచితం, పాత యంత్రాల మీదా నడుస్తుంది. బిందువులు చెప్పే పద్ధతి రెండింటిలోనూ ఒకటే.

ఆ బిందువుల సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి, మాకు ఇష్టమైన భాగం అదే. తొమ్మిది, పది తరగతుల్లో నిరూపక జ్యామితి పాఠం ఉంటుంది. ఎక్స్ అక్షం, వై అక్షం, మూలబిందువు. పాతికేళ్లుగా చెబుతున్నాం. "ఇదెందుకు సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. "పరీక్షలో వస్తుంది" అనడం తప్ప మేము ఏమీ చెప్పలేకపోయాం. ఇప్పుడు పిల్ల కీబోర్డు మీద 0,0 అని కొడుతుంది, గది మూల అక్కడ పడుతుంది. తర్వాత @12,0 అని కొడితే అక్కడి నుంచి పన్నెండు అడుగుల గోడ కుడివైపుకు పరుగెడుతుంది. @10<90 అంటే పది అడుగులు నిలువుగా పైకి. నెదర్లాండ్స్‌లో డెకార్ట్ 1637లో ప్రచురించిన జ్యామితి, 1963లో అమెరికాలో ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ తెర మీద లైట్ పెన్నుతో గీతలు గీయించిన స్కెచ్‌ప్యాడ్, 1982 డిసెంబరులో అమ్మకానికొచ్చిన ఆటోకాడ్, అన్నీ ఆ పాఠం వెనుక ఉన్నాయని మాకే ఇంత ఆలస్యంగా తెలిసింది.

చదివే పద్ధతి కూడా మెల్లగా కుదిరింది. ఒకరు పుస్తకం పైకి చదవాలి, ఒకరు కీబోర్డు దగ్గర కూర్చోవాలి, ఒకరు నోటుబుక్కులో తెలుగులో రాయాలి. అరగంటకోసారి మారాలి. పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు చదువుతారు, పుస్తకమేమో ఇంగ్లీషు. కాబట్టి ప్రతి మాటా మూడు గుమ్మాలు దాటి రావాలి. ఆఫ్‌సెట్ అంటే ఏమిటని మేము తంటాలు పడుతుంటే, "గోడ మందం కోసం రెండో దారం కట్టడం" అని ఒక మేస్త్రీ కొడుకు తేల్చేశాడు. ఎఫ్8 నొక్కితే గీత అడ్డంగానో నిలువుగానో తప్ప వంకరగా పోదు. దాన్ని మా వాళ్లు "మూలమట్టం" అంటారు. ఎఫ్3 నొక్కి ఉంటే గీత చివర పక్క గీత చివరకు అతుక్కుంటుంది. గీసిందంతా మాయమైతే కంగారు పడకుండా జెడ్, ఎంటర్, ఇ, ఎంటర్. ఇలాంటివి నలభై పేజీల నోటుబుక్కు అయింది.

పిల్లలు అందరూ చేసే తప్పు ఒకటుంది. తెర అడుగున కంప్యూటర్ ఒక ప్రశ్న వేస్తుంది, మొదటి బిందువు ఏది, ఎంత దూరం, ఇంకా ఏమైనా ఎంచుకుంటారా అని. అది చదవరు. మౌసు అటూ ఇటూ నొక్కుతారు. ఎంటర్ కోసం అది ఎదురుచూస్తూ ఉంటుంది, వీళ్లేమో యంత్రం చెడిపోయిందంటారు. "ముందు ప్రశ్న చదువు" అని పరీక్ష హాల్లో అరిచే మాట ఇక్కడా అరవాల్సి వచ్చింది.

ఇక సిగ్గుపడే విషయం.

మా దగ్గర అందరికంటే చురుగ్గా నేర్చుకున్నది ఇంటర్ అయి ఇంట్లో ఉన్న ఒక అమ్మాయి. వాళ్ల మామూ చిన్న ఇల్లు మొదలుపెట్టారు. అనుమతి ప్లాను లైసెన్సున్న ఇంజినీరు గారిదే. తర్వాత లోపలి గదులు కాస్త మార్చుకుని, మేస్త్రీకి ఇచ్చే కొలతల కాగితం ఈ అమ్మాయి చేత గీయించారు. డబ్బుకు కాదు, ప్రేమకొద్దీ. మేము ముగ్గురం చూసి "చాలా బాగుంది" అన్నాం. ప్రింటు తీసి ఇచ్చాం.

ముగ్గు పోసిన పొద్దున మేస్త్రీ ముందు బయటి కొలత ప్రకారం దారాలు కట్టాడు. కాగితం మీద మొత్తం వెడల్పు 24.60 అని ఉంది. ఇరవై నాలుగు అడుగుల ఆరు అంగుళాలు అనుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి గదులు కొలిచాడు. ఒక గది పది అడుగుల పది అంగుళాలు, రెండోది పదకొండు అడుగుల ఎనిమిది అంగుళాలు, తొమ్మిది అంగుళాల గోడలు మూడు. కలిపితే ఇరవై నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు. మూడంగుళాలు పట్టడం లేదు. రెండుసార్లు కొలిచి, పని ఆపి, కాగితం పట్టుకుని నేరుగా బడికే వచ్చాడు. "సార్, మీ కంప్యూటర్ మూడంగుళాలు తినేసింది."

తిన్నది కంప్యూటర్ కాదు. పది అడుగుల పది అంగుళాలను అమ్మాయి 10.10 అని కొట్టింది. ఎనిమిది అంగుళాలను .8 అని, తొమ్మిది అంగుళాల గోడను 0.9 అని కొట్టింది. యంత్రానికి అది దశాంశం. 10.10 అంటే దానికి పది అడుగుల ఒక అంగుళం చిల్లర మాత్రమే. అది చెప్పినట్టే గీసింది, చెప్పినట్టే కలిపింది. పుస్తకంలో ఉదాహరణలన్నీ పూర్తి సంఖ్యలు, అడుగులూ అంగుళాలూ కలిసిన లెక్క మేము చదివినంతవరకు రాలేదు. అయినా పుస్తకాన్ని అనడానికి లేదు. కాగితం మీద రెండో గది 11.80 అని స్పష్టంగా ఉంది. అడుగుకు పన్నెండే అంగుళాలైతే ఎనభై ఎక్కడి నుంచి వచ్చిందని లెక్కల మాస్టార్లం ఇద్దరం ఉండి కూడా అడగలేదు. టేపు పట్టుకున్న మనిషి అడిగాడు.

నష్టం పెద్దది కాదు. మేస్త్రీకీ ఇద్దరు కూలీలకూ పూట పని పోయింది. ఆ డబ్బు మేమిస్తామంటే ఇంటాయన తీసుకోలేదు. కానీ అమ్మాయి రావడం మానేసింది. మూడు వారాలు. ఇంట్లో "మాకు ముందే తెలుసు, ఇవన్నీ ఆడపిల్లకెందుకు" అన్న మాట కూడా వచ్చిందని విన్నాం. ఉర్దూ మేడమ్ వాళ్లింటికి వెళ్లారు, మేమూ వెళ్లాం. తప్పు చూడాల్సినవాళ్లం మేమేనని వాళ్ల అబ్బా ముందు ఒప్పుకున్నాం. నాలుగో వారం వచ్చింది. వచ్చిన రోజే యూనిట్స్ అని కొట్టి ఆర్కిటెక్చరల్ ఎంచుకుంటే 10'10 అని అడుగుల గుర్తుతో నేరుగా కొట్టవచ్చని పుస్తకం వెనుక పేజీల్లో తనే వెతికి చూపించింది. ఇప్పుడు మిల్లీమీటర్లలోనూ గీస్తున్నారు. ఆ గది 3302.

ఆ మేస్త్రీని మేము వదల్లేదు. సెలవు రోజుల్లో వచ్చి కూర్చుంటాడు. ఇంగ్లీషు రాదు, కంప్యూటర్ ముట్టుకోడు. పిల్లలు గీసింది చూసి, ఈ తలుపు తెరిస్తే గ్యాసు పొయ్యికి తగులుతుంది, ఈ మెట్ల కింద మనిషి తల పట్టదు అని చెబుతాడు. మూడు, నాలుగు, అయిదు అడుగులతో మూల సరిచూడటం తెర మీద గీసి చూపిస్తే ఆయనా నవ్వాడు. పిల్లలు ఆయన్ను చాచా అంటారు.

మీ దగ్గరకు ఈసారి కంప్యూటర్లు అడగడానికి రాలేదు. ఉన్నవి చాలు. నలభై పేజీల తెలుగు నోటుబుక్కు ఉందన్నాం కదా, దాన్ని సరిదిద్ది అచ్చు వేయించాలి. సాయంత్రం గది తెరిచి ఉంచాలంటే ఒక మహిళా టీచరు ఉండాలి, దూరం నుంచి వచ్చే ఆడపిల్లలకు ఆటో ఖర్చు కావాలి. వీటన్నిటికంటే ముందు, మీలో ఇంజినీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, దుబాయిలోనో రియాద్‌లోనో సైట్ల మీద పనిచేసి వచ్చినవారున్నారు. నెలకు రెండు గంటలు వచ్చి పిల్లలు గీసింది చూడండి. బయటి కొలత, లోపలి కొలతలు కలిపి చూసేవారు ఒకరు సంతకం పెట్టేదాకా ఏ కాగితమూ మా గది దాటకూడదని నియమం పెట్టుకున్నాం. సంతకం పెట్టేవారు లేక పదకొండు డ్రాయింగులు బీరువాలో ఉన్నాయి.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తర్వాత గది తెరిచే ఉంటుంది. సొసైటీ వారి స్టోరు గదికి ఆ అమ్మాయే ప్లాను గీస్తోంది. చాచా టేపు తెస్తానన్నాడు. మీలో ఒకరిద్దరు వస్తే బీరువాలో ఉన్నవి కూడా ఆ రోజే చూడటం మొదలుపెడదాం. వస్సలాం.