లోకంలోని వింత పోటీలు – మన ఎడ్ల బండలాగుడు

(ప్లాటినం జూబ్లీ ఉత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవంలో నాలుగు మాటలు మాట్లాడవలెనని ప్రధానోపాధ్యాయులవారు కబురు చేసినప్పుడు, ఏ విషయం మీద అని అడిగాను. "పిల్లలు ఆవులించకుండా వినే విషయమేదైనా సరే" అన్నారు. ఇది ఉపాధ్యాయునికి మాత్రమే తెలిసిన కష్టం. కనుక లోకంలోని వింత పోటీలను గూర్చి చెబుదామని నిశ్చయించుకొని, కొన్నాళ్లపాటు చదివి, విని, కొంత సమాచారం కూడబెట్టాను. తీరా చూస్తే ఆ ప్రయాణమంతా తిరిగి తిరిగి రాయచూరులోనే ఆగింది. అదెట్లాగో మనవి చేస్తాను.

ఫిన్లాండు దేశంలో సోన్కయార్వి అనే చిన్న ఊరున్నది. అక్కడ 1992 నుండి భార్యను మోసుకొని పరుగెత్తే పోటీ జరుగుతున్నది. దారి పొడవు 253.5 మీటర్లు. మధ్యలో రెండు అడ్డుకట్టలు, ఒక నీటి మడుగు దాటవలె. గెలిచినవానికి భార్య బరువుకు తూగే బీరు బహుమానం. భార్య స్వంత భార్యే కానక్కరలేదు, పొరుగువాని భార్య అయినా ఫరవాలేదని నియమావళిలోనే వ్రాసుకున్నారు! (ముందు వరుసలోని అమ్మలు నవ్వుతున్నారు, అయ్యలు మాత్రం ఏదో లెక్క వేసుకుంటున్నట్లున్నారు.) పూర్వం ఆ ప్రాంతంలో రోన్కైనెన్ అనే దొంగల నాయకుడు తన ముఠాలో చేరదలచినవారిని బరువులు మోయించి పరీక్షించేవాడట. ఆ కథ నుండి ఈ ఆట పుట్టిందని అక్కడివారు చెప్పుకుంటారు.

ఇంగ్లాండులోని గ్లాస్టర్‌షైరులో కూపర్స్ హిల్ అనే కొండ ఉన్నది. నిలబడితేనే కాలు జారేటంత ఏటవాలు. పైనుండి గుండ్రని జున్నుగడ్డను దొర్లించి, దాని వెంట యువకులు పడుతూ లేస్తూ దిగుతారు. ముందుగా అడుగుకు చేరినవానిదే ఆ జున్ను. కాళ్లు చేతులు విరగడం అక్కడ మామూలే. ఇక వేల్సు దేశంలో లాన్‌ర్టిడ్ వెల్స్ అనే ఊరిలో మనిషికీ గుర్రానికీ పందెం. కొండదారిలో సుమారు 35 కిలోమీటర్లు. దూరం ఎక్కువైతే మనిషి గుర్రాన్ని మించగలడా అని ఒక సారాయి అంగడిలో వాదం పుట్టి, 1980లో అది పందెంగా మారింది. ఇరవై నాలుగేండ్లు గుర్రమే గెలిచింది. 2004లో హ్యూ లాబ్ అనే ఆయన మొదటిసారి గుర్రాన్ని ఓడించాడు. త్రాడు లాగే పోటీని మన పిల్లలు పాఠశాల క్రీడలలో ఆడుతుంటారు. అది 1900 నుండి 1920 వరకు ఒలింపిక్సులో ఉండేదంటే ఇప్పుడెవరైనా నమ్ముతారా?

ఇవన్నీ చదివి నవ్వుకుంటున్న సమయంలో నాకొక ఆలోచన వచ్చింది. సోన్కయార్వివాడు ఎవడైనా జ్యేష్ఠ పున్నమినాడు మన రాయచూరుకు వస్తే, తిరిగి వెళ్లి తన ఊరివారికి ఏమని చెబుతాడు? "అక్కడ వేలాది జనం మండుటెండలో నిలబడి, రెండు ఎద్దులు ఒక రాతిబండను ఈడ్చుకొని పోతుంటే ఈలలు వేస్తారు. ఆ బండతో ఏమీ కట్టరు. ఈ చివర నుండి ఆ చివరకు, ఆ చివర నుండి ఈ చివరకు లాగి అక్కడే వదిలేస్తారు" అని చెప్పడా? వింత అనేది చూసే కన్నులో ఉన్నది గాని చేసే చేతిలో లేదు.

మన ఏరువాక పున్నమినే కన్నడ సోదరులు కారహుణ్ణిమె అంటారు. ఆనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి ఊరేగించడం ఇరువురికీ సమానమే. ఉత్తర కర్ణాటకలోని పల్లెలలో సాయంకాలం ఎద్దులను పరుగెత్తించి, ఏ వన్నె ఎద్దు ముందుకు వస్తే ఆ యేడు ఆ వన్నె పంట బాగా పండుతుందని చెప్పుకోవడం కూడ ఉన్నది. రాయచూరు పట్టణంలో ఈ పండుగకు మున్నూరు కాపు సమాజం వారు ముంగారు సాంస్కృతిక రాయచూరు హబ్బ పేరిట మూడు దినాల ఉత్సవం జరుపుతారు. తెలుగు ఇంటి భాషగా కలవారు, కన్నడ పేరుతో, రెండు భాషల జనానికి చేసే పండుగ అది. రాజేంద్రగంజిలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఒకటిన్నర టన్ను, రెండు టన్నులు, రెండున్నర టన్నులు అని బండల బరువు పెరుగుతూ పోతుంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల నుండి కూడ జతలు వస్తాయి. దానికి తోడు గుండు ఎత్తడం, ఇసుక సంచి ఎత్తడం, కుస్తీలు.

పోటీ విధానం పిల్లలలో కొందరికి తెలియకపోవచ్చును. కాడికి మోకు, మోకుకు బండ. నిర్ణీతమైన సమయంలో జత ఎంత దూరం లాగితే అంత లెక్క. చివరి ఎత్తుకు వచ్చేసరికి అడుగులతో చాలదు, అంగుళాలు కూడ కొలవవలసి వస్తుంది. కృష్ణకు, తుంగభద్రకు అవతలి తెలుగు జిల్లాలలో ఎద్దుల వయస్సును బట్టి పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని వేరు వేరు విభాగాలు పెడతారు. ఎద్దు నోరు తెరచి పండ్లు చూడడమే అక్కడ జనన ధ్రువపత్రం! చూసేవారికి ఇది ఒట్టి బలప్రదర్శనగా కనిపిస్తుంది. కాని బండ కదిలే మొదటి క్షణమే అసలు విద్య. రెండు ఎద్దులూ ఒకే ఊపిరిలో మెడ వంచవలె. ఒకటి ముందుగా లాగి, రెండవది వెనుకబడితే కాడి అడ్డం తిరుగుతుంది, బండ పక్కకు పోతుంది. ఆ జత కుదరడానికి యజమాని ఏండ్ల తరబడి ఉలవలు ఉడికించి పెట్టి, ఇసుకలో, దుక్కిలో నడిపించి, ఒకదాని గుణం ఒకదానికి అలవాటు చేసి ఉంటాడు.

ఇంతకూ మనకు ఈ బండ మీద మోజు ఎప్పటిది? రాయచూరు కోటకు పోయినవారు లోపలి గోడలో నలభై అడుగులకు మించిన ఒకే రాతిబండను చూసి ఉంటారు. దానిపై 1294 నాటి తెలుగు శాసనం ఉన్నది. గోన గన్నయ రెడ్డివారి ఆనతిపై విఠలనాథుడు కోట కట్టించిన సంగతి అందులో ఉన్నది. శాసనం సంగతి చాలమందికి తెలుసు. కాని దాని పక్కనే గోడపై గీసిన బొమ్మను నిలబడి చూసేవారు తక్కువ. ఆ పెద్ద బండను గని నుండి ఎట్లా తెచ్చారో అందులో చెక్కారు. గట్టి చక్రాల బండి, దానిపై బండ, ముందు బారులు తీరిన దున్నపోతులు, వాటిని అదలిస్తున్న తోలరులు, వెనుక చక్రాలకు గడ్డపారల వంటి సన్నెలు వేసి ఎగదోస్తున్న మనుషులు. కోట కట్టించినవారి పేర్లు అక్షరాలలో ఉన్నాయి, బండ లాగిన జీవాలు బొమ్మలో ఉన్నాయి. ఏడు వందల ఏండ్ల క్రిందటి ఆ శిల్పి దున్నపోతులను మరువలేదు. నేడు గంజిలో మనం చూసేది ఆనాటి పనినే. ఇప్పుడు కోట లేదు, పని లేదు, ఆట మిగిలింది.

ఇట్లు పని పోయి ఆట మిగిలిన ఊర్లు ఇంకా ఉన్నాయి. స్పెయిను, ఫ్రాన్సు సరిహద్దు కొండలలో బాస్కు అనే జాతివారున్నారు. వారికి అచ్చంగా మన ఆటే ఉన్నది! పేరు ఇది ప్రొబాక్, అనగా ఎద్దుల పరీక్ష. రాళ్లు పరచిన చతురంలో జత ఎద్దులు బండ లాగుతాయి, ఇచ్చిన సమయంలో ఆ చివర నుండి ఈ చివరకు ఎన్ని మార్లు తిరిగితే అంత గెలుపు. గుండ్లు ఎత్తే పోటీ కూడ వారికి ఉన్నది. ఇన్యాకి పెరురెనా అనే ఆయన 300 కిలోల రాతిని భుజానికెత్తాడు. ఆ బాస్కు భాషకు ప్రపంచంలో చుట్టపు భాషయే లేదు. జనరల్ ఫ్రాంకో పాలనలో పాఠశాలల్లో ఆ భాషకు చోటు లేకుండా చేసినా, వారు ఇండ్లలోనూ, తరువాత తమ బడులలోనూ దానిని నిలబెట్టుకున్నారు. కన్నడ నేలపై తెలుగు బడి ప్లాటినం జూబ్లీ చేసుకుంటున్న ఈనాడు ఆ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

జపానులోని హొక్కైడో దీవిలో ఎద్దులకు బదులు గుర్రాలు. అవి పరుగు పందెపు సన్నగుర్రాలు కావు. అడవి కొట్టి పొలాలు చేసినవారి దుక్కి గుర్రాలు, ఒక్కొక్కటి టన్ను బరువుకు వచ్చేవి. ఇనుప బండిని లాగుతూ 200 మీటర్ల దారిలో రెండు దిబ్బలు ఎక్కవలె. దీనిని బాన్ఎయి అంటారు. నాకు ముచ్చట కలిగించినది ఏమంటే, ఆ పందెంలో గుర్రాలు మధ్యలో ఆగుతాయి. రెండవ దిబ్బకు ముందు చోదకుడే పగ్గం పట్టి నిలిపి, ఊపిరి తీసుకోనిస్తాడు. ఎప్పుడు ఆపవలెనో తెలియడమే అక్కడ నేర్పు. గెలుపు కూడ గుర్రం ముక్కు గీత దాటినప్పుడు కాదు, బండి వెనుక అంచు దాటినప్పుడు. పూర్వం నాలుగు పట్టణాలలో జరిగేది. 2007 నుండి ఒబిహిరో ఒక్కచోటనే మిగిలింది. అక్కడా మచ్చ లేకపోలేదు. 2021లో పరీక్షా పరుగులో కూలబడిన గుర్రపు ముఖాన్ని ఒక చోదకుడు కాలితో తన్నగా, ఆ దృశ్యం చూసి దేశమంతా మండిపడింది.

ఈ మాట చెప్పిన తరువాత నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు.

నేను ఎనిమిదవ తరగతిలో ఉండగా ఒక జాతరలో మా నాయన జత పోటీకి దిగింది. ఊరి పేరు వద్దు. చదువుకునే పిల్లవాడినని అడుగులు, అంగుళాలు వ్రాసే పని నాకు అప్పగించారు. నోటు పుస్తకం పట్టుకొని గర్వంగా గీత పక్కన నిలబడ్డాను. చివరి అయిదు నిమిషాలలో వలపటి ఎద్దు మొరాయించింది. మా నాయన పక్కవాని చేతిలోని ముల్లుకర్ర లాక్కున్నాడు. ఎద్దు మరికొన్ని అడుగులు లాగి మోకాళ్లపై కూలబడింది. మూడవ బహుమతి వచ్చింది, ఒక ఇత్తడి బిందె. నేను ఆ దూరాన్ని అంగుళంతో సహా వ్రాశాను.

మరుసటి వారం తెలుగు సారు 'నేను చూచిన ఉత్సవం' అని వ్యాసం వ్రాయమన్నారు. జతలు, దూరాలు, బహుమానాలు అన్నీ వరుసగా పొందుపరచి రెండు పుటలు నింపాను. సారు ఎర్ర సిరాతో ఒక్క వాక్యం వ్రాసి ఇచ్చారు. "లెక్క సరిగానే ఉన్నది. ఎద్దు ఎట్లున్నది?"

ఇంటికి వచ్చి ఆ వాక్యాన్ని నాయనకు చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు. "ఇంకోసారి చదువురా" అన్నాడు. చదివాను. ఏమీ అనలేదు. కొట్టానికి పోయి, పుండుపై పసుపు నూనె రాసి, చాలసేపు అక్కడే కూర్చున్నాడు. రెండేండ్లు పోటీల దరికి పోలేదు. మూడవ యేడు పోయినాడు, మేకు పీకేసిన కర్రతో. అయిదవ స్థానం వచ్చింది. అప్పుడు కూడ లెక్క వ్రాసింది నేనే.

ఈ పోటీలను గూర్చి దేశంలో పెద్ద వాదమే జరిగింది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల పందేలను ఆపివేసింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చట్టాలను సవరించుకున్నాయి. మన కర్ణాటక సవరణ కంబళకు, ఎడ్ల పందేలకు, బండి పందేలకు వర్తించింది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. "ఇక మనకు అడ్డు లేదు" అన్నవారు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. జంతువుకు అనవసరమైన బాధ కలిగించరాదన్న షరతుతోనే ఆ సవరణలు వచ్చాయి. మేకు, కారం, తోక కొరకడం వంటివాటికి అనుమతి ఎక్కడా లేదు. అట్లని పోటీలే వద్దనేవారితోనూ నేను కలవలేను. ట్రాక్టరు వచ్చిన తరువాత దుక్కికి ఎద్దు అక్కరలేదు. మా వీధిలోనే ఒకప్పుడు ఇంటింటికీ జత ఉండేది, ఇప్పుడు వేళ్ల మీద లెక్కించవచ్చును. పోటీ కొరకైనా ఎవడో ఒకడు ఉలవలు ఉడికిస్తున్నాడు గనుక ఆ మంచి గిత్తలు ఇంకా కంటికి కనిపిస్తున్నాయి. కావలసినది మైదానంలో పశువైద్యుడు, పండ్లు చూసి బరువు నిర్ణయించేవాడు, మేకు కనిపిస్తే జతను పంపివేసే ధైర్యం గల నిర్ణేత. జపానువారివలె మధ్యలో ఊపిరికి ఆగే నియమం కూడ పెడితే బాగుంటుందని నా అభిప్రాయం. పోటీలు నడిపే పెద్దలు ఈ సభలోనే కొందరున్నారు. వారి ముందు ఉంచుతున్నాను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఎనిమిదవ తరగతి పిల్లలను ఒక ఆదివారం కోటకు తీసుకొనిపోండి. శాసనంలోని తెలుగు లిపిని ఎంతమంది గుర్తుపట్టగలరో చూడండి. తరువాత ఆ బొమ్మలోని దున్నపోతులను లెక్కించమనండి.

మా నాయన కర్రను ఈ దినం వెంట తెచ్చాను. చివర మేకు ఊడదీసిన రంధ్రం ఇంకా ఉన్నది. దీనిని పాఠశాలకు ఇవ్వవలెనని ఇంటివారందరం అనుకున్నాము. ప్రధానోపాధ్యాయులవారు స్వీకరించవలెనని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.