వర్ణవివక్షపై పోరుకు స్వీడన్ సాయం

ఆఫ్రికాలో వలసపాలనతోనూ వర్ణవివక్షతోనూ పోరాడుతున్న విమోచన ఉద్యమాలకు ప్రభుత్వ ఖజానా నుంచి మానవతా సాయం చేయవచ్చని 1969లో స్వీడన్ పార్లమెంటు తేల్చింది. పాశ్చాత్య దేశాల్లో ఈ అడుగు వేసిన మొదటి దేశం అదే. విదేశీ సాయం అంటే అప్పటిదాకా ప్రధానంగా ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి ఇచ్చేది. డబ్బు వెళ్లేది ఆనకట్టకో ఆసుపత్రికో, లెక్క చెప్పేది అక్కడి మంత్రిత్వ శాఖ. ప్రజల్ని అణిచేది ఆ ప్రభుత్వమే అయినప్పుడు సాయం ఎవరి చేతికివ్వాలి? ఈ ప్రశ్నకు దక్షిణాఫ్రికాలో స్వీడన్ వెతుక్కున్న జవాబు, పట్టాలు అందుకుని అభివృద్ధి రంగంలోకి వెళ్లబోయేవారు తెలుసుకోదగ్గది.

స్వీడన్ సాయ సంస్థ సీడా 1965లో ఏర్పడింది. జాతీయాదాయంలో ఒక శాతం సాయానికి కేటాయించాలని ఆ దేశం 1968లోనే లక్ష్యం పెట్టుకుంది. సంపన్న దేశాలు 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి అడిగింది 1970లో. అలాగని స్వీడన్ చేతులు పూర్తిగా శుభ్రమనీ కాదు. ఉద్యమాలకు సాయం అందుతున్న రోజుల్లోనే స్వీడన్ కంపెనీలు దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసుకున్నాయి. కొత్త పెట్టుబడులను నిషేధిస్తూ చట్టం రావడానికి 1979 దాకా పట్టింది.

సాయం వెళ్లిన దారుల్లో అన్నిటికన్నా విచిత్రమైనది లండన్‌లోని డిఫెన్స్ అండ్ ఎయిడ్ ఫండ్. 1956లో 156 మందిపై రాజద్రోహం కేసు పెట్టినప్పుడు వారి వకీళ్ల ఖర్చుల కోసం జాన్ కాలిన్స్ అనే చర్చి పెద్ద మొదలుపెట్టిన చందాల నుంచి ఇది పుట్టింది. 1966లో దక్షిణాఫ్రికా ఈ సంస్థను నిషేధించింది. దాని డబ్బు తీసుకుంటే జైలే. అప్పటి నుంచి ఫండ్ పేరు ఎక్కడా కనబడకుండా పని సాగింది. లండన్‌లోని ఒక న్యాయవాది, ఫలానా కేసు ఖర్చు భరించడానికి తన కక్షిదారు సిద్ధంగా ఉన్నారని దక్షిణాఫ్రికా వకీలుకు ఉత్తరం రాసేవారు. ఆ కక్షిదారు ఎవరో అక్కడి వకీలుకు తెలిసేది కాదు. ఖైదీల కుటుంబాలకైతే బ్రిటన్‌లోని మామూలు గృహిణులు, ఉపాధ్యాయులు స్నేహపూర్వకంగా జాబు రాస్తూ, కొంత సొమ్ము జతచేసి పంపేవారు. అందుకున్నవాళ్లు రాసిన జవాబుల వల్ల జైళ్ల సంగతులు, ఊళ్ల సంగతులు లండన్‌కు చేరేవి. 1991లో మూతపడేలోపు ఇలా సుమారు 10 కోట్ల పౌండ్లు దక్షిణాఫ్రికాలోకి వెళ్లాయి. అందులో పెద్ద వాటా స్వీడన్‌తో సహా నార్డిక్ దేశాలది. తన సాయానికి బోర్డు పెట్టుకోకూడదని దాత ఒప్పుకోవడం వల్లే ఇది సాధ్యమైంది.

ఈ కథలో ఒక తెలుగువాడూ ఉన్నాడు. 1924లో నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి, ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపారు. రాజకీయ ఖైదీల కోసం 1965లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి ట్రస్ట్ ఫండ్ వెనుక ఆయన కృషి ఉంది. ఆ ఫండ్‌కు ముఖ్య దాతల్లో స్వీడన్ ఒకటి. న్యూయార్క్‌లో కూర్చుని అటు నార్డిక్ ప్రభుత్వాలనూ, ఇటు కాలిన్స్ వంటివారినీ కలిపిన ఆయన పేరు తెలుగునాట విన్నవారు తక్కువే.

దక్షిణాఫ్రికా విమోచన ఉద్యమమైన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు స్వీడన్ నేరుగా సాయం చేయడం 1973లో మొదలైంది. ఆయుధాలకు పైసా ఇవ్వకూడదన్నది షరతు. తిండి, బట్ట, మందులు, ప్రవాసంలో ఉన్నవారి రోజువారీ ఖర్చులు, పిల్లల చదువు మాత్రమే. 1976లో సొవెటో విద్యార్థుల తిరుగుబాటు తర్వాత దేశం విడిచి వచ్చిన యువత కోసం టాంజానియాలోని మజింబులో కట్టిన సోలమన్ మహ్లాంగు కళాశాలకు నార్డిక్ దేశాలు అండగా నిలిచాయి. ఏం కావాలో ఏటా ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకునేవి. అవసరాల చిట్టా రాసేది ఉద్యమమే.

గోప్యతకు మూల్యమూ చెల్లించాల్సి వచ్చింది. స్వీడన్ నిధులతో నడిచిన జెనీవాలోని ఒక విద్యార్థి సహాయ సంస్థలో పైస్థాయికి ఎదిగిన క్రెయిగ్ విలియమ్సన్, దక్షిణాఫ్రికా పోలీసు గూఢచారి అని 1980 జనవరిలో బయటపడింది. అప్పటికే ఎందరి వివరాలో పోలీసుల చేతికి చిక్కాయి. ఆ సంస్థ మూతపడింది. రహస్యంగా వెళ్లే సొమ్ముకు బహిరంగ తనిఖీ కుదరదు. మనుషులపై నమ్మకమే దానికి ఆడిట్, ఆ నమ్మకం ఇక్కడ తప్పింది.

1983లో వర్ణవివక్ష వ్యతిరేక సంఘాల కూటమి యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్ పుట్టాక పోరు దేశం లోపల ఊపందుకుంది. స్వీడన్ సొమ్ము కూడా చర్చిలు, కార్మిక సంఘాల ద్వారా అటే మళ్లింది. 1990 ఫిబ్రవరిలో జైలు నుంచి విడుదలైన నెల్సన్ మండేలా మరుసటి నెలలోనే స్టాక్‌హోమ్ వెళ్లి, అక్కడ చికిత్స పొందుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆలివర్ టాంబోను కలిశారు. అన్ని జాతులవారూ ఓటేసిన 1994 ఎన్నికల తర్వాత సాయం మళ్లీ ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికే మారింది. అందులో న్యాయముంది. కానీ అన్నాళ్లూ విదేశీ సొమ్ముతో నిలిచిన సంఘాలు చాలావరకు ఒక్కసారిగా ఎండిపోయాయి.

2022లో వచ్చిన స్వీడన్ ప్రభుత్వం ఒక శాతం లక్ష్యాన్ని వదిలేసింది. 2024లో సీడా తమ దేశపు స్వచ్ఛంద సంస్థలతో ఉన్న దీర్ఘకాలిక ఒప్పందాలను ముగిస్తున్నట్టు ప్రకటించింది. ఇది పొరపాటు నిర్ణయం. దక్షిణాఫ్రికాకు సాయం చేరిన దారులు పడడానికి పాతికేళ్లు పట్టింది. అవసరం వచ్చిన నాడు వాటిని ఒక్క బడ్జెట్‌తో తిరిగి వేయలేరు.