బీడా, బీలయా?



వ్యాపారమున నాయకుడగువానికి లెక్క తెలిసిన చాలునని పెక్కుమంది తలంచుచున్నారు. లెక్కకు ముందు తెలిసికొనవలసినది మఱియొకటి కలదు. ఎదుటివాడు దేనికొఱకు కాదనుచున్నాడు? ఈ ప్రశ్న వేయకున్న ఎట్టి చేటు మూడునో మన శ్రీకాకుళము జిల్లా సోంపేట చెప్పుచున్నది.

అచ్చట సముద్రతీరమున బీల యను చిత్తడినేల కలదు. దాని నీటితో చుట్టుప్రక్కల పొలములు పండును. బెస్తలు చేపలు పట్టుకొందురు. పశువులకు మేత దొరకును. 2640 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రమునకై ప్రభుత్వము నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ఆ నేలను కేటాయించెను. కాగితముపై అది బీడు; రైతునకు కూటికుండ. 2010 జూలై 14వ తేదీన పనులు మొదలిడబోగా ప్రజలడ్డగించిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు పోయెను. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసెను. ఆ కేంద్రము అచ్చట లేవనే లేదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనుట మనుష్యస్వభావము. బీడని యొకమారు వ్రాసికొన్నవానికి నీరు కానరాదు. కాదన్నవాడు వెల పెంచుటకే కాదనుచున్నాడనియో, ఎవరో రెచ్చగొట్టిరనియో తోచును. కాని బీలలో వలవేయువానికి పట్టా యెక్కడిది? నేలకు వెలకట్టినచో అతని చేతికి చిల్లిగవ్వయు రాదు. బేరమునకు వచ్చినవానికి ధర చెప్పవచ్చును. కూటికై నిలిచినవానికి ధర చెప్పుట అవమానించుటయే.

పరిశ్రమ కోరువారందఱు దుర్మార్గులని మేమనుట లేదు. దేశమునకు విద్యుత్తు కావలసినదే. పనిలేక మన యువకులు వలసపోవుచున్న మాటయు నిజమే. అయితే ఆ సదుద్దేశములోనే ప్రమాదమున్నది. మంచిపని చేయుచున్నాననుకొన్నవాడు ఇతరుల మాట వినవలసిన యక్కఱ లేదనుకొనును.

శ్రీకాకుళ విజయనగరములలో కర్మాగారములు నెలకొల్పబూనువారికి మా మనవి యిది. మూలధనము పెట్టకమున్ను ఆ నేలను వానకాలమునను వేసవిలోను కాలినడకను చూడుడు. పట్టా లేకయే దానిపై బ్రదుకువారెవరో విచారింపుడు. కాదనువాని వాదమును మీరే వ్రాసి, అతనికి చదివి వినిపింపుడు. “అవును, నేననునది యిదియే” యని అతడొప్పుకొనువఱకు అతని యుద్దేశము మీకు తెలియలేదనియే యెంచుడు. తెలిసిన పిమ్మట విభేదింపవచ్చును. అప్పుడైన మీ యూహతో గాక మనుష్యునితో మాటాడినవారగుదురు.