కడిగినా పోని రంగు



ఈనాడు మీతో బట్టల మీది రంగుల గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. అన్నం తినేటప్పుడు చొక్కా మీద బీట్‌రూట్ కూర పడితే ఎర్రని మరక అవుతుంది. ఉతికితే ఆ ఎరుపు చాలావరకు పోతుంది. మరి బందరు దుప్పటి మీది ఎరుపు ఏళ్ళ తరబడి ఉతికినా ఎందుకు పోదు? మొక్క నుంచి రంగు తీయడం కష్టం కాదు. దానిని నూలుబట్టకు పట్టించడమే అసలు విద్య. ఆ విద్యలో మన తెలుగువారు వందల ఏళ్ళ కిందటే ఆరితేరారు.

దానికి కలంకారీ అని పేరు. పారశీక భాష నుంచి వచ్చిన ఈ మాటకు కలంతో చేసే పని అని అర్థం. తిరుపతి జిల్లా శ్రీకాళహస్తిలో వెదురు కలంతో బట్ట మీద బొమ్మలు గీస్తారు. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, దాని పక్కనున్న పెడన ఊళ్ళలో చెక్క అచ్చులతో అద్దుతారు. మచిలీపట్నాన్నే మనం బందరు అంటాం.

పని ఎలా సాగుతుందో వినండి. మొదట బట్టను బాగా ఉతికి గంజి పోగొడతారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరవేస్తారు. కరక్కాయ మహా వగరు. ఆ వగరు బట్టకు పడుతుంది. కలంతో గీసే బట్టకైతే ఆ నీళ్ళలో గేదెపాలు కూడా కలుపుతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే తుప్పునీరు తయారవుతుంది. దానిని వగరు పట్టిన బట్ట మీద అద్దగానే నల్లబడుతుంది. నల్లరంగు ఇలా వస్తుంది.

ఎరుపు కథ ఇంకా వింతగా ఉంటుంది. ఎరుపు రావలసిన చోట ఎర్రరంగు అద్దరు, పటిక నీళ్ళు అద్దుతారు. పటికకు ఏ రంగూ లేదు. ఆరిన బట్టను పారే నీటిలో జాడించి, రాగి కాగులో చిరివేరు వేసి మరిగిస్తారు. పటిక ఉన్న చోట వేరులోని రంగు గట్టిగా పట్టుకుంటుంది. పటిక లేనిచోట నిలవదు, ఉతికి ఎండబెడితే పోతుంది. బట్టకూ రంగుకూ మధ్య ముడి వేసేది పటిక అన్నమాట.

చిరివేరు సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. ఆ ఎరుపు కోసం ఐరోపా వర్తకులు ఓడలు కట్టుకుని వచ్చారు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. డచ్చివారు అంతకుముందే వచ్చారు. మన అద్దకపు బట్టలు అక్కడ ఎంతగా అమ్ముడుపోయాయంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్టలు కట్టుకోవడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది.

ఆ తరువాతి కథ మీరుంటున్న ప్రాంతానికి వస్తుంది. చిరివేరులోని ఎరుపుకు మూలమైన పదార్థం పేరు అలిజరిన్. 1868లో గ్రేబే, లీబర్‌మాన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు దానిని బొగ్గుతారు నుంచి తీసిన పదార్థంతో తయారుచేశారు. డ్యూసెల్‌డార్ఫ్‌కు తూర్పున, ఇప్పటి వుప్పర్‌టాల్‌లో భాగమైన బార్మెన్‌లో, 1863లో బేయర్ సంస్థ రంగుల తయారీతోనే మొదలైంది. 1891లో ఆ సంస్థ డ్యూసెల్‌డార్ఫ్‌కూ కొలోన్‌కూ నడుమ, రైన్ నది ఒడ్డున ఉన్న అలిజరిన్ కర్మాగారాన్ని కొన్నది. దానిని నెలకొల్పిన కార్ల్ లేవర్‌కుస్ పేరు మీదనే అక్కడి పట్టణం లేవర్‌కూజెన్ అయింది. 1897లో అదే నది ఎగువన లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టింది.

కర్మాగారపు రంగు చవక. ఎప్పుడు కొన్నా ఒకే తీరుగా ఉంటుంది. చిరివేరు తవ్వేవారికి గిరాకీ పోయింది. ఫ్రాన్సులోనూ హాలండులోనూ ఎర్రవేరు మొక్క పండించే రైతులకూ ఇదే గతి పట్టింది. కాబట్టి దీనిని ఒక దేశం మరొక దేశానికి చేసిన కీడుగా మాత్రమే చూడరాదు. విజ్ఞానం పెరిగినప్పుడు కొందరికి మేలు జరుగుతుంది, కొందరి పొయ్యిలో పిల్లి లేవదు. రెండూ తెలుసుకోవడమే చదువు.

ఇప్పుడు పెడనలో ఎరుపుకు ఏమి వాడుతున్నారో తెలుసా? చాలాచోట్ల కొన్న అలిజరిన్ పొడినే వాడుతున్నారు. అయితే కరక్కాయ, పటిక, తుప్పునీరు, రాగి కాగు పాతవే. అందుచేత "ఇది ప్రకృతి రంగేనా?" అని అడగడం న్యాయమే కాని, అక్కడితో ఆగరాదు. "ఇది చేతి పనేనా?" అని కూడా అడగాలి. మిల్లులో యంత్రం మీద అచ్చుకొట్టిన బట్టను కలంకారీ అని తక్కువ ధరకు అమ్ముతున్నారు. దానివల్ల అద్దకపు పనివారి కూడు పోతున్నది. చేత్తో అద్దిన బట్టను దగ్గరగా చూడండి. ఒక అచ్చుకూ మరొక అచ్చుకూ నడుమ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అది లోపం కాదు, మనిషి చేయి పడిన గుర్తు.

జర్మనీలోనూ ఇలాంటి పని ఉంది. చెక్క అచ్చుతో బట్ట మీద ఒక జిగురు ముద్ద అద్ది, నీలి తొట్టిలో ముంచుతారు. జిగురు ఉన్నచోట నీలం అంటదు. కడిగితే తెల్లని పువ్వులు తేలుతాయి. దీనిని బ్లావ్‌డ్రుక్ అంటారు. యునెస్కో 2018లో దీనిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. మీ జర్మన్ స్నేహితులకు కలంకారీ గురించి చెప్పండి, వారిని దీని గురించి అడగండి.

చివరగా మీకొక పని. పెద్దవారిని దగ్గర ఉంచుకుని చేయండి. వంటకు వాడని పాత గిన్నె తీసుకోండి. తెల్లని నూలుగుడ్డ ముక్కలు రెండు ఉతికి సిద్ధం చేసుకోండి. ఒకదానిని చిక్కని టీ నీళ్ళలో ముంచి ఆరవేసి, ఒక రాత్రి పటిక నీళ్ళలో నానబెట్టండి. రెండవదానిని ఉత్తగా ఉంచండి. ఉల్లిపాయ పొట్టు అరగంట మరిగించి వడకట్టి, ఆ నీళ్ళలో రెండు గుడ్డలూ వేసి మళ్ళీ అరగంట కాచండి. చల్లారాక ఉతకండి.

ఆకు అచ్చు కావాలంటే మరొక గుడ్డను పలుచని తుప్పునీటిలో ముంచి పిండి, దాని మీద ఓక్ ఆకులు పరచండి. కర్రకు బిగువుగా చుట్టి, దారంతో కట్టి, గంటసేపు ఆవిరి పట్టించండి. ఓక్ ఆకులోనూ కరక్కాయలాగే వగరు ఉంది. తుప్పు తగలగానే ఆకు ఆకారం నల్లగా దిగుతుంది. పెడనలో నలుపు పుట్టేదీ ఈ సూత్రం మీదనే.

గుడ్డలను మూడుసార్లు ఉతికి, వచ్చే తరగతికి తీసుకురండి. ఏ రంగు నిలిచిందో, ఏది వెలిసిందో, కారణమేమిటో మీ మాటల్లో ఐదు వాక్యాలు తెలుగులో రాయండి.