పన్ను మాఫీ ప్రజల పెట్టుబడియే
(జగిత్యాల పఠనాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మాటలాడదలచిన విషయము మన ఊళ్లకు దూరమైనట్లు పైకి కన్పట్టును. హైదరాబాదు అద్దాల మేడలలో నడచు సాఫ్ట్‌వేర్ కంపెనీలకును, వాటిలో ధనము పెట్టువారికిని ప్రభుత్వములు పన్ను రాయితీల నిచ్చుచున్నవి. దానితో జగిత్యాల మామిడి రైతునకు, కోరుట్ల బీడీ కార్మికురాలికి, సిరిసిల్ల సాంచాల మీద బ్రదుకు ఆసామికి ఏమి పని యని మీలో కొందరు తలంపవచ్చును. పని కలదు. ఆ రాయితీని భరించుచున్నది మనమే.

పన్ను మాఫీ యన్న మాట వినుటకు ఇంపైనది. ఎవరి చేతి రొక్కమును వెడలదు గనుక ఎవరికిని నష్టము లేనట్లే తోచును. కాని ఖజానాకు రావలసిన రూపాయి రాకపోయినను, వచ్చిన రూపాయి వెడలిపోయినను లెక్క ఒక్కటియే. బడి పంతులు జీతము తగ్గదు. ఆసుపత్రి మందుల వెల తగ్గదు. బాట మరమ్మతు ఆగదు. ఆ లోటును ఇతరుల యొద్ద రాబట్టవలెను, లేదా అప్పు తేవలెను. బీడీలు చుట్టు తల్లి సబ్బుబిళ్ల కొన్నప్పుడు జీఎస్టీ చెల్లించుచునే యున్నది. ఆమెకు మాఫీ లేదు. కావున ఒక కంపెనీకి పన్ను విడిచిపెట్టుట యనగా, ఆ కంపెనీలో ప్రజలందరును తలా కొంత పెట్టుబడి పెట్టుటయే. పెట్టుబడి పెట్టినవానికి లెక్క అడుగు హక్కు కలదు. మా ప్రసంగ సారము ఈ ఒక్క మాటయే.

ముందుగా ఏ పన్ను ఎవరి చేతిలో నున్నదో తెలిసికొందము. ఆదాయపు పన్ను కేంద్రమునది. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులలోని కంపెనీల ఎగుమతి లాభములపై మినహాయింపు 2011 మార్చి 31 వరకు సాగెను. 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండలుల చట్టము క్రింద వెలసిన యూనిట్లకు ఎగుమతి లాభముపై మొదటి ఐదేండ్లు పూర్తిగను, తరువాతి ఐదేండ్లు సగమును మినహాయించిరి. 2016 ఏప్రిలు 1 నుండి స్థాపింపబడి అర్హత పత్రము పొందిన స్టార్టప్ కంపెనీలకు, మొదటి పదేండ్లలో వరుసగా మూడేండ్ల లాభముపై పన్ను లేకుండ చేసిరి. ఇక పెట్టుబడిదారుల సంగతి. కంపెనీ తన వాటాలను న్యాయమైన విలువకు మించి అమ్మినచో, ఆ మించిన సొమ్మును ఆదాయముగా నెంచి పన్ను వేయు నిబంధన 2012లో వచ్చెను. దానిని ఏంజెల్ టాక్స్ అని పిలిచిరి. 2024 జూలై బడ్జెటులో దానిని తొలగించిరి.

రాష్ట్రము చేతిలో నున్నవి వేరు. రాష్ట్ర జీఎస్టీ, స్టాంపు సుంకము, కరెంటు ధర, భూమి వెల మొదలగునవి రాష్ట్రమువి. 2014లో తెలంగాణ ప్రభుత్వము టీ-ఐడియా యను విధానమును ప్రకటించెను. అమ్మకపు పన్నులో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు నూటికి నూరు పాళ్లు ఐదేండ్ల వరకు, మధ్యతరహా వాటికి 75 పాళ్లు ఏడేండ్ల వరకు, పెద్దవాటికి 50 పాళ్లు ఏడేండ్ల వరకు తిరిగి చెల్లింతుమని చెప్పెను. 200 కోట్లు, అంతకు మించిన మెగా ప్రాజెక్టులకు మాత్రము, దేనికేమి యీయవలెనో విడివిడిగా నిర్ణయింతుమనెను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన పిమ్మట రాష్ట్రము తన యిష్టము చొప్పున ఒక కంపెనీకి పన్ను తగ్గింప వీలులేదు. ముందు వసూలు చేసి, పిదప ఖజానా నుండి తిరిగి యీయవలెను. అనగా నాటివరకు కంటికి కానరాని మాఫీ నేడు స్పష్టమైన ఖర్చుగా మారినది.

న్యాయవాద వృత్తిలో నున్న మాకు ఇందు మూడు సంగతులు గోచరించుచున్నవి. మొదటిది, లాభముపై పన్ను మాఫీ లాభము గలవానికే అక్కరకు వచ్చును. క్రొత్తగా దుకాణము తెరచినవానికి మొదటి రెండు మూడేండ్లు నష్టమే. వానికి కావలసినది అప్పు, చౌక కరెంటు, సరకు కొను గిరాకీ. రెండవది, చిన్నవాని హక్కు నియమముల పుస్తకములో నున్నది. పెద్దవాని హక్కు బేరములో నున్నది. బేరమాడు శక్తి ఎవరికెక్కువయో చెప్పనక్కరలేదు. మూడవది, 2014 నాటి టీఎస్-ఐపాస్ చట్టము మెగా ప్రాజెక్టుల అనుమతులకు 15 దినములు, ఇతరములకు 30 దినములు గడువు విధించెను. ఇది మెచ్చదగినదే. కాని అనుమతికి గడువు విధించిన ఆ చట్టము, రాయితీ సొమ్ము చెల్లింపునకు గడువు విధింపలేదు. చిన్న పరిశ్రమల వారి బకాయిలు ఏండ్ల తరబడి నిలిచిపోవుచున్నవన్న మొర అందుచేతనే పుట్టినది. పెద్ద కంపెనీ బకాయికై వేచియుండగలదు. అప్పుతెచ్చి యంత్రము బిగించిన చిన్నవాడు వడ్డీక్రింద నలిగిపోవును.

రాయితీల వలన ఫలమేమియు కలుగలేదని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పిన అన్యాయమగును. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు. 2022-23లో 2,41,275 కోట్లు. ఆ రంగమున ఉద్యోగములు 3,23,396 నుండి 9,05,715కు పెరిగినవి. మన పిల్లలును అందు కలరు. కాని ఈ వృద్ధి యంతయు మాఫీల చలువయే యనుట సరికాదు. 1967లో హైదరాబాదున ఈసీఐఎల్ వెలసినది. అట్టి ప్రభుత్వరంగ సంస్థలు, పరిశోధనాలయములు, విశ్వవిద్యాలయములు దశాబ్దముల తరబడి ఇంజనీర్లను తయారుచేసినవి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్సును ప్రారంభించునాటికే ఆ పంట చేతికి వచ్చియున్నది. దున్ని విత్తినది ప్రజల సొమ్మే.

ఇక మన ఊళ్ల మాట. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007 నుండి జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల కలదు. పొలాసలో వ్యవసాయ కళాశాలయు, పరిశోధన కేంద్రమును కలవు. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. చదువు ఇచట చెప్పుచున్నారు; చదువుకొన్నవారు ఇచట నిలుచుటలేదు. పట్టా పుచ్చుకొన్నవాడు హైదరాబాదు బస్సెక్కును. పట్టా లేనివాడు గల్ఫు విమాన మెక్కును. ఉన్నత సాంకేతిక పరిశ్రమయన్న పేరు వచ్చినంతనే రాజధాని పడమటి దిక్కునకు మాత్రమే చూచుట వలన కలిగిన ఫల మిది. దూరప్రాంతములకు అదనపు ప్రోత్సాహములు కాగితము మీద లేకపోలేదు. కరీంనగరమున 2020 జూలై 21న ఐటీ టవరును తెరచిరి. మంచి పనియే. అయినను కట్టడము కట్టినంత మాత్రమున పరిశ్రమ రాదు. 2014 మొదలు 2023 వరకు, నడుమ కొంత విరామము తప్ప, ఐటీ శాఖను నిర్వహించిన కె. తారకరామారావుగారు సిరిసిల్ల శాసనసభ్యులే. మంత్రి మనవాడై యున్నను పరిశ్రమ లాభమున్న చోటికే పోవును. కావున మనకు కావలసినది ఒకరి దయ కాదు, స్థిరమైన నియమము.

సిరిసిల్ల మనకు మరియొక పాఠము చెప్పుచున్నది. 2017 మొదలు బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చుటచే అచటి సాంచాలు ఏటేటా కొన్ని నెలలు నిండుగా నడచినవి. 2024లో ఆ ఆర్డరు ఆగినంతనే సాంచాలు ఆగినవి. కార్మికుల పొయ్యి ఆరినది. 2025లో మహిళా సంఘముల చీరల ఆర్డరు వచ్చిన పిదపనే తిరిగి కదలినవి. ఇందు పన్ను మాఫీ చేసినదేమి? నడపినది గిరాకీ. సర్కారీ ఆర్డరు ఒక్కటే దిక్కైనచో దానితో ముప్పును కలదు. బయటి బజారునకు పనికివచ్చు బట్ట నేయవలెనన్న పాత సాంచాలు మారవలెను. నేత యంత్రముల నవీకరణకు కేంద్రము 1999లో తెచ్చిన నిధి పథకము రూపములు మారుచు 2022 మార్చితో ముగిసినది. అట్లుండగా, హైదరాబాదులో కంప్యూటరు మీద వ్రాసిన ప్రోగ్రాము ఉన్నత సాంకేతికము, సిరిసిల్లలో కంప్యూటరు నడపు మగ్గము పాత పరిశ్రమ యను విభజన ఏమి న్యాయము? 1970 నుండి సొంత సహకార సంఘము ద్వారా ఇంటింటికి కరెంటు పంచుకొనుచున్న ఊరునకు సాంకేతికము తెలియదని ఎవరనగలరు?

రాజ్యము పరిశ్రమకు తోడ్పడుట క్రొత్త సంగతి కాదు. నిజాము ప్రభుత్వము 1929లో కోటి రూపాయల మూలధనముతో ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండును నెలకొల్పెను. ఆ పాలనలో ప్రజలకు నోరు లేదు. దానిని మేము పొగడుటలేదు. కాని ఆ ఫండు ఇచ్చిన సొమ్ముకు కంపెనీలలో వాటాలు పుచ్చుకొనెను. బోధను చక్కెర కర్మాగారము అట్టి తోడ్పాటుతో లేచినది. ఇచ్చినదానికి ప్రతిగా ప్రజల ఖజానాకు ఆస్తి మిగిలెను. ఆ నిజాము షుగర్సు సంస్థయే కాలక్రమమున మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో మన చెరకు రైతుకు ఫ్యాక్టరీ పెట్టెను. 2002లో నూటికి 51 పాళ్ల వాటా ప్రైవేటు వారి పరమాయెను. 2015 డిసెంబరులో బోధను, ముత్యంపేట ఫ్యాక్టరీలు మూతపడెను. వాటా చేయిజారిన పిదప నిర్ణయమును చేయిజారునని కోరుట్ల, మెట్‌పల్లి రైతులకు వేరుగ బోధింపనక్కరలేదు.

ఒప్పందము గట్టిగ వ్రాసికొన్న మేలెట్లుండునో పరదేశపు నిదర్శన మొకటి చూడుడు. 2017లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము ఫాక్స్‌కాన్ కంపెనీకి సుమారు 300 కోట్ల డాలర్ల రాయితీలు ఒప్పుకొనెను. కంపెనీ 13,000 ఉద్యోగములు కల్పింతుననెను. ఆ ఉద్యోగములు రాలేదు. అయితే రాయితీని ఉద్యోగముల లెక్కకు ముడిపెట్టి వ్రాసికొన్నందున, ఆ రాష్ట్రము మొత్తము చెల్లింపవలసిన పని లేకపోయెను. 2021 ఏప్రిలులో ఒప్పందమును 8 కోట్ల డాలర్లకు కుదించిరి. భూమి మొదలగువాటిపై మాత్రము అప్పటికే ఖర్చు చేసియుండిరి. ఇక మన పొరుగున, విశాఖపట్టణమున 21.16 ఎకరములను టీసీఎస్ కంపెనీకి 99 పైసలకు ఇచ్చుటకు 2025 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము ఒప్పుకొనెను. ఒక రాష్ట్రము 99 పైసలనగా మరియొక రాష్ట్రము అంతకు దిగవలెను. రాష్ట్రములు వేలము పాడుచుండ కంపెనీ కూర్చుండి వినుచుండును. వేలములో గెలిచిన రాష్ట్రమైనను తాను గెలిచిన దెంతయో లెక్క చూచుకొనవలదా?

కావున మేము నాలుగు కోర్కెలను ప్రజల ముందుంచుచున్నాము.

ఒకటి: విడిచిన పన్ను లెక్కను రాష్ట్ర బడ్జెటుతో పాటు ఏటేటా ప్రకటింపవలెను. కేంద్రము 2006-07 బడ్జెటు నుండియు అట్టి పట్టికను పార్లమెంటు ముందుంచుచున్నది. రాష్ట్రము అంతకంటె ఒక అడుగు ముందుకు వేసి, ఏ కంపెనీకి ఎంత, ఏ జిల్లాకు ఎంత యని చూపవలెను.

రెండు: మెగా ప్రాజెక్టులకిచ్చు ప్రతి రాయితీయు ఉద్యోగముల సంఖ్యకు, జీతములకు ముడిపడవలెను. మాట తప్పిన కంపెనీ సొమ్ము తిరిగి కట్టవలెను. రాయితీ మిక్కిలి పెద్దదైనచో ప్రతిగా ప్రజలకు వాటా యుండవలెను.

మూడు: చిన్న పరిశ్రమలకు రావలసిన రాయితీకి చట్టబద్ధమైన గడువు విధింపవలెను. గడువు దాటిన వడ్డీ చెల్లింపవలెను. అనుమతికి 30 దినములు చాలినప్పుడు చెల్లింపునకు ఏండ్లేల?

నాలుగు: ఉన్నత సాంకేతికమన్న మాటకు అర్థమును విశాలము చేయవలెను. సిరిసిల్ల నవీన మగ్గము, జగిత్యాల మామిడి శుద్ధి, మెట్‌పల్లి పసుపు పరిశ్రమ, కోరుట్ల పశువైద్యపు మందులు అందు చేరవలెను. రాజధానికి ఎంత దూరమో రాయితీ అంత ఎక్కువ కావలెను.

ఇవి జరుగుటకు ఎవరో వచ్చెదరని కూర్చుండరాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము మన చేతిలో నున్నది. ప్రతి పఠనాలయమును బడ్జెటు పుస్తకమును తెప్పించి బల్లమీద నుంచవలెను. చదువుకొన్నవారు చదివి వినిపింపవలెను, వినినవారు ప్రశ్నింపవలెను, అర్జీ వ్రాయుటకు వకీళ్లు ముందుకు రావలెను. ఈ పని రుసుము లేకుండ చేయుటకు మేము సిద్ధముగ నున్నాము. 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన నాల్గవ ఆంధ్ర మహాసభ జరిగినది సిరిసిల్లలోనే. ప్రజల కష్టమును తీర్మానముగా వ్రాసి సర్కారు ముందుంచుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. నాడు పాలించినవారు వినుటకు బద్ధులు కారు. నేడు పాలించువారు మన ఓటుతో కూర్చున్నవారు. పన్ను కట్టువాడు అర్థి కాడు, వాటాదారుడు. వాటాదారుడు లెక్క అడుగుట ధిక్కారము కాదు, ధర్మము.