హిమవంతము: ఔన్నత్యము, ఉదకము



తమ తండ్రిగారి స్మృత్యర్థమై ఈ ధర్మనిధిని నెలకొల్పిన దాతలు నన్నీ ఉపన్యాసమునకు ఆహ్వానించి, విషయనిర్ణయమును మాత్రము నాకే విడిచిరి. పూజకు కూర్చుండిన తెలుగు గృహస్థుడు సంకల్పము చెప్పునపుడు తాను మేరువునకు దక్షిణమున, శ్రీశైలమునకు ఫలానా దిక్కున, కృష్ణాగోదావరుల నడుమ ఉన్నానని చెప్పుకొనును. తన యునికిని కొండలతోను నదులతోను గుర్తించుకొను వానికి, మేరుహిమవంతములు వేరైనను, ఉత్తరదిశనున్న పర్వతము పరాయిది కాజాలదని తలచి హిమవంతమునే గ్రహించితిని.

సింధునది వంపు తిరుగుచోట నున్న నంగా పర్బత్ మొదలుకొని, బ్రహ్మపుత్ర వంపు తిరుగుచోట నున్న నామ్చా బర్వా వరకు సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున ధనురాకారమున వ్యాపించిన ఈ శ్రేణి, మిక్కిలి పిన్నవయస్సు గల పర్వతశ్రేణులలో నొకటి. ఇంచుమించు ఐదు కోట్ల సంవత్సరముల క్రిందట భారతభూఖండము ఉత్తరమునకు జరిగి ఆసియాను ఒత్తగా, నడుమనున్న టెథిస్ సముద్రపు అడుగుపొరలు ముడుతలుపడి పైకి లేచినవి. ఇందులకు సాక్ష్యము మన పూజామందిరములలోనే కలదు. నేపాళమున ముక్తినాథ క్షేత్రము చెంత కాళీగండకిలో దొరకు సాలగ్రామములందలి చక్రములు, పది కోట్ల యేండ్లకు పైబడిన సముద్రజీవుల శిలారూపములు. భక్తుడు విష్ణుచక్రమని కన్నులకద్దుకొను గుర్తునే భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రాచీనసముద్రపు ఆనవాలుగా చదువుచున్నాడు. ఇరువురును ఆ రాతిని భద్రముగనే దాచుకొందురు గనుక నాకు వారి నడుమ తగవేమియు కానరాదు.

ఇక ఔన్నత్యము మాట. 1852లో లెక్కకు వచ్చి, 1856లో 29,002 అడుగులుగా ప్రకటింపబడిన ఎవరెస్టును టిబెట్టువారు చోమోలుంగ్మా యని కొలుతురు. కాని హిందువులకు అది యాత్రాస్థలముగా ఎన్నడును ప్రసిద్ధికెక్కలేదు. 6,638 మీటర్ల కైలాసమో, ఎత్తున దానికి చాల తక్కువ. పైగా ప్రధానశ్రేణిలోనే లేక, దాని కావల టిబెట్టులో నున్నది. అయినను శివుని నెలవని హిందువులును, ఋషభదేవుని నిర్వాణభూమియని జైనులును, బౌద్ధులును దానిని పూజింతురు; బోన్ మతస్థులు తక్కినవారికి ఎదురుదిశగా ప్రదక్షిణము చేయుదురు. ఇంతటి మన్నన దానికేల? సింధువు, శతద్రువు, బ్రహ్మపుత్ర, సరయువుగా గంగను చేరు కర్ణాలి, ఈ నాలుగును ఆ పరిసరములందే పుట్టుచున్నవి. వీనిలో సింధు, శతద్రు, బ్రహ్మపుత్రలు హిమవంతము లేవకమునుపే ప్రవహించుచుండి, అది లేచుకొలదిని దానిని కోసికొనుచు దక్షిణమునకు దారి చేసికొన్నవని శాస్త్రజ్ఞులందురు. మన పూర్వులు కొలిచినది ఔన్నత్యమును కాదు, ఉదకమును అని నా నిశ్చయము.

గఢ్వాలుసీమయు ఇదియే చెప్పును. యమునోత్తరి, గంగోత్తరులు నదీమూలక్షేత్రములు. కేదారము మందాకిని తలాపున, బదరి అలకనంద యొడ్డున వెలసినవి. అలకనంద క్రిందికి దిగుచు ధౌలిగంగను విష్ణుప్రయాగలో, నందాకినిని నందప్రయాగలో, పిండారును కర్ణప్రయాగలో, మందాకినిని రుద్రప్రయాగలో కలుపుకొని, తుదకు దేవప్రయాగలో భాగీరథితో కూడి గంగయగును. ఇంత ఉత్తరమున నున్న బదరిలో ప్రధానార్చకుడు కేరళపు నంబూద్రి, కేదారమున కర్ణాటకపు వీరశైవుడు అగుట దాక్షిణాత్యులమైన మనకు గర్వకారణమే.

పెద్దనగారి కావ్యమందలి ప్రవరుడు పాదలేపముతో హిమగిరిపై వ్రాలెను. మంచుకు పసరు కరగిన పిదపగాని తిరుగుదారి ఎరుగనని అతనికి తెలియలేదు. నేడు హెలికాప్టరులో కేదారము చేరి, గడియసేపు నిలిచి మరలువారిని చూచినపుడు నాకాతడే స్మరణకు వచ్చును. 2013 జూన్ నెలలో కుంభవృష్టికి చోరాబారి సరస్సు గట్టు తెగి మందాకిని పొంగగా వేలమంది మరణించిరి. చిక్కుకొన్నవారిలో తెలుగువారును పెక్కండ్రు. నది తాను విడిచిన పాత పాయకే నాడు తిరిగివచ్చెను. ఆ పాయలో కట్టడములు లేచియుండెను. ఏ నీటిని పూజింప వచ్చితిమో ఆ నీటి త్రోవకే అడ్డుగా వసతిగృహములు నిలుపుట క్షేత్రధర్మము కానేకాదు.

బదరికి పోదలచిన వారికి నాదొక విన్నపము. దేవప్రయాగ మీదుగా బస్సులో సాగిపోవక, అచట ఒక పూట దిగి, మెట్లు దిగి సంగమమును చూచి మరి పైకి పొండు.