ఒక ఫోను, ముగ్గురు పిల్లలు

రేపల్లె, బాపట్ల నుంచి ఉపకారవేతన దరఖాస్తులు ఈసారి తగ్గాయేమని దాతలు అడిగారు. తగ్గలేదు. యాప్ డేటాబేస్‌లో విద్యార్థిని గుర్తించే కీగా మనం ఫోను నంబరు పెట్టాం. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఫోను ఒక్కటే. అక్క వివరాల మీద తమ్ముడివి, వాటి మీద చెల్లెలివి పడ్డాయి. ఎర్రర్ కూడా రాలేదు, అదే బాధ. బాపట్లలో ఒక తల్లి మూడు రసీదులు చూపితే తెలిసింది.

పేరును కీ చేద్దామన్నారొకరు. తెనాలిలో నా తరగతిలోనే ఒకే పేరున ఇద్దరు షేక్ అమ్మాయిలున్నారండీ! ఇప్పుడు ప్రతి బిడ్డకూ వేరే నంబరిచ్చి, ఫోనును ఇంటి వివరాల్లోకి మార్చాం. జిల్లా గడిలో రేపల్లె ఇంకా గుంటూరే. 2022 నుంచి బాపట్ల కదా, అదీ దిద్దాం.

పోయిన పేర్లు కాగితపు దరఖాస్తులు చూసి ఎక్కిస్తున్నాం. జకాత్ సొమ్ము అమానత్. ఆ పని అయ్యేదాకా పంపిణీ ఆపండి. కాగితాలు దొరకని ఇళ్లకు ఆదివారం వెళ్తున్నాం. రేపల్లెకు ఇంకా ఇద్దరు కావాలి.